గింజ ఒకటే, పప్పులు అనేకం

సరుకుల కొట్టులో వరసగా పేర్చిన ఐదు పొట్లాలు చూడండి: నల్ల శనగలు, పచ్చి శనగపప్పు, పుట్నాలు, శనగపిండి, కాబూలీ శనగలు. ధరలు వేరు, రంగులు వేరు, వంటలో వాటి పనులు వేరు. అయినా ఐదూ ఒకే జాతి మొక్కకు కాసినవే. అదే అరలో ఉన్న కందిపప్పు, శనగపప్పు, పసుపు బఠాణీ పప్పు మాత్రం దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి గాని, మూడూ మూడు వేర్వేరు మొక్కలవి.

వంట కొత్తగా మొదలుపెట్టినవారు ఇక్కడే తికమక పడతారు. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ తికమక ఇంకా ఎక్కువ. అక్కడి భారతీయ దుకాణాల్లో పొట్లాల మీద హిందీ పేర్లు ఉంటాయి. కంది తూర్ అవుతుంది, అర్హర్ కూడా అవుతుంది. పెసర మూంగ్, మినుము ఉరద్ అవుతాయి. పేర్ల పట్టిక ఒకటి రాసుకుని అలమర తలుపుకు అంటించుకుంటే ఆ ఇబ్బంది ఒక పూటలో తీరిపోతుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఏ మొక్క గింజ అన్నది ఒక ప్రశ్న, ఆ గింజను ఏం చేశారన్నది మరో ప్రశ్న. నానకపోవడం, ఉడకకపోవడం, పిండి పొంగకపోవడం, తిన్నది అరగకపోవడం వంటి ఇబ్బందుల్లో చాలావాటికి జవాబు ఈ రెండో ప్రశ్నలో దొరుకుతుంది. వంటల గురించి రాసేవారు మొదటి ప్రశ్నను పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించే.

పొట్టు ఉందా, తీశారా?

పప్పుధాన్యపు గింజ ఏదైనా నిర్మాణం ఒకటే. పైన పొట్టు, లోపల రెండు బద్దలు, వాటి మధ్య ఒక మూల చిన్న మొలక. గింజను ఉన్నదున్నట్టుగా వాడితే పెసలు, మినుములు, శనగలు, ఉలవలు, బొబ్బర్లు. తిరగలిలో పగలగొట్టి పొట్టు అలాగే ఉంచితే పొట్టు పెసరపప్పు, పొట్టు మినపప్పు. పొట్టు పూర్తిగా తీసేస్తే ఛాయపప్పు. పొట్టు తీసి, బద్దలు విడిపోకుండా ఉంచితే మినపగుండ్లు. శనగలను కాస్త తడిపి, వేడి ఇసుకలో వేయించి, పొట్టు రాల్చితే పుట్నాలు.

ఒక్కో పని జరిగినప్పుడల్లా గింజ స్వభావం మారిపోతుంది. పచ్చి శనగపప్పును నేరుగా కొబ్బరి పచ్చడిలో వేసి రుబ్బితే పచ్చివాసన కొడుతుంది. పుట్నాలు వేస్తే కొట్టదు. ఇసుకలో వేగినప్పుడే పుట్నాల్లోని పిండిపదార్థం, మాంసకృత్తులు ఉడికిపోయి ఉంటాయి కనుక మళ్ళీ పొయ్యి అవసరం లేదు. అలాగని బొబ్బట్ల పూర్ణానికి పుట్నాలు వాడలేం. పూర్ణానికి నీళ్ళలో ఉడికి, వేలితో నొక్కితే మెదిగే బద్ద కావాలి. వంటకంలో రాసింది శనగపప్పు అనే కదా అని ఒకదాని బదులు మరొకటి వేస్తే వంట చెడేది ఇందుకే.

పొట్టు ఉన్న గింజలోకి నీరు అన్ని వైపుల నుంచీ చొరబడదు. కాయకు అతుక్కుని ఉన్న మచ్చ దగ్గర, దాని పక్కనున్న సూక్ష్మ రంధ్రం దగ్గర ముందుగా దిగుతుంది, తర్వాత నెమ్మదిగా పొట్టు కిందికి పాకుతుంది. అందుకే శనగలకు ఒక రాత్రి కావాలి. పెసలను మొలకలకు నానబెట్టినప్పుడు కొన్ని గింజలు మర్నాటికీ రాళ్ళలాగే మిగిలిపోతాయి. అవి చెడిపోయినవి కావు. వాటి పొట్టు నీటిని లోపలికి రానివ్వదు, అంతే. పొట్టు తీసేసిన పెసరపప్పుకు ఈ అడ్డే లేదు. శ్రీరామనవమి నాటి వడపప్పును పొయ్యి ఎక్కించకుండానే తినగలుగుతున్నామంటే కారణం అది: గంట సేపు నానితే చాలు, సన్నని బద్ద పంటికి మెత్తగా తగులుతుంది. శ్రావణ మాసపు వాయనాల శనగలు ముందు రోజు రాత్రే నీళ్ళలో పడాలి.

ఉలవల సంగతి ఇంకా గట్టిది. చిన్న గింజ, మందమైన పొట్టు, బద్దను పట్టుకుని వదలదు. ఉలవపప్పు అన్న సరుకు కొట్లలో అరుదుగా కనిపించేది అందుకే. గింజను మెత్తబరచడం అంత కష్టమైనప్పుడు మనవాళ్ళు మరో దారి వెతికారు. ఎద్దులకు పెట్టడానికి ఉలవలను గంటల తరబడి ఉడికించేవారు. ఆ ఉడికిన నీటిని చిక్కగా మరిగించి తాము తినేవారు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఉలవచారు పుట్టింది ఆ కుండలోనే. దక్షిణాదిలోని కొత్త రాతియుగపు ఆవాసాల తవ్వకాల్లో ఉలవలు, పెసలు కనిపిస్తాయి. ఈ నేల మీద మనుషులు సాగు మొదలుపెట్టిన తొలి పంటల్లో ఉలవ ఒకటి. పెళ్ళి విందుల్లో వెన్నతో వడ్డించే స్థాయికి ఈమధ్య వచ్చింది గాని, శతాబ్దాల పాటు మెట్ట రైతును, అతని పశువులను నిలబెట్టిన తిండి అది.

చేత్తో పొట్టు తీసే పద్ధతి ఇప్పటికీ చూడాలంటే చలికాలంలో చిత్తూరు, అనంతపురం వైపు వెళ్ళాలి. అనపకాయల గింజలను రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పితికితే పొట్టు ఊడి బద్ద జారిపడుతుంది. అదే పితికిపప్పు. ఒక కుటుంబానికి సరిపడా పితకడానికి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. అదే ప్రాంతంలో కందిపప్పు కందిబేడలు, మినపప్పు ఉద్దిపప్పు, బొబ్బర్లు అలసందలు. పేరు మారినా గింజ అదే. పేరు చూసి నిజంగా పొరపడేది ఎర్ర కందిపప్పు దగ్గర: అది కంది కాదు, మసూర్. మైసూరు పప్పు అని పిలిచేదీ దాన్నే. కందికంటే చిన్నది, పల్చనిది, పదిహేను ఇరవై నిమిషాల్లో పూర్తిగా కరిగిపోతుంది. పప్పుచారుకు కంది బదులు వేసుకోవచ్చు గాని, నేతితో కలుపుకునే ముద్దపప్పుకు కావలసిన పట్టు దానికి రాదు.

కంది ఎందుకంత మొండిది?

పెసర పొట్టు నానితే చేతికే వస్తుంది. కంది పొట్టు రాదు. పొట్టుకూ బద్దకూ మధ్య జిగురు పొర ఒకటి రెండింటినీ గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ జిగురును వదిలించడానికి పల్లెల్లో వాడిన పద్ధతి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కందులను నానబెట్టి, ఎర్రమట్టి బాగా పట్టించి, కుప్పగా పోసి, తర్వాత ఎండలో ఆరబెట్టి, మట్టి దులిపి తిరగలిలో విసిరేవారు. తడికి ఉబ్బిన గింజ ఎండకు ముడుచుకుంటుంది. బద్ద ముడుచుకున్నంతగా పొట్టు ముడుచుకోదు, జిగురు తెగుతుంది. మిల్లులు అదే పనిని వేరే విధంగా చేస్తాయి: గరుకు రోలరు మీద గింజ పైపొరను గీరి, కొద్దిగా నూనె పట్టించి, కొన్ని రోజులు ఎండబెట్టి, మళ్ళీ నీరు చిలకరించి పగలగొడతాయి. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఎండతో పని లేకుండా వేడిగాలితో చేసే పద్ధతిని తయారుచేసి మిల్లులకు ఇచ్చింది.

గింజ బరువులో పొట్టు పోగా నూటికి ఎనభై అయిదు పాళ్ళ దాకా పప్పు రావాలి. మామూలు మిల్లుల్లో డెబ్బై, డెబ్బై అయిదు పాళ్ళు వస్తుంది. మిగిలింది నూకగా, పొడిగా పశువుల దాణాకు పోతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండే బద్ద పైపొర కూడా ఆ గీరుడులో కొంత పోతుంది. ఆ తర్వాత మెరుగు పెట్టడమనే మరో దశ ఉంది. నిగనిగలాడే కందిపప్పు కొనేవారి కంటికి నచ్చుతుంది, అంతకు మించి ఆ మెరుపు వల్ల ఒరిగేదేమీ లేదు. మెరుగు పెట్టని పప్పు మసకగా, అంచుల్లో కాస్త పొట్టుతో ఉంటుంది. నన్ను అడిగితే అదే కొనమంటాను.

తడి పద్ధతిలో, అంటే మట్టి పట్టించి చేసిన పప్పు ఉడకడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. దాని రుచిని మెచ్చుకునేవారు ఆ ఆలస్యాన్ని పట్టించుకోరు.

ఇక ఉడకడం. బద్దలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగితే కణాలు విడిపోయి పప్పు మెదుగుతుంది. కాల్షియం, మెగ్నీషియం తగిలితే పెక్టిన్ గట్టిపడుతుంది. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని మన పెద్దలు చెప్పేది అక్షరాలా నిజం. ఉప్పునీటి బోర్లలో ఈ రెండు లవణాలు ఎక్కువ. పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. అందుకే చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయాలి. గోంగూర, మామిడికాయ, టమాటా కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టేవారు చాలామంది ఉన్నారు. పప్పు కొత్తదైతే అది సాగుతుంది, ఎందుకంటే కుక్కర్లో వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. పప్పు పాతదైతే ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే మిగులుతాయి.

పాత పప్పు ఎందుకు ఉడకదన్నది చాలామందికి తెలియని విషయం. గింజలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది, అది కాల్షియం, మెగ్నీషియంలను తన దగ్గర బంధించి పెట్టుకుంటుంది. వేడిగా, తేమగా ఉన్న గోదాములో నెలల తరబడి పప్పు నిలవ ఉంటే ఫైటేట్ విరిగిపోతుంది, విడుదలైన లవణాలు వెళ్ళి పెక్టిన్‌ను పట్టుకుంటాయి. అంటే పప్పు పొట్లంలో ఉండగానే లోలోపల గట్టిపడుతుంది. దీన్ని వంటలో సరిదిద్దడం కష్టం. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గాని, బి1 విటమిన్ చాలావరకు నశిస్తుంది, రుచి కూడా సబ్బులా మారుతుంది. ముందుగా వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టడం అంతకంటే మేలు. ఉప్పు వేస్తే పప్పు ఉడకదన్న మాట మాత్రం నిలవదు. గట్టి పొట్టున్న శనగలు, రాజ్మాలను కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడితే సోడియం వెళ్ళి కాల్షియం స్థానంలో చేరుతుంది, పొట్టు ఇంకా మెత్తగా ఉడుకుతుంది.

మినుము చేసే పని మరో గింజ చేయదు

ఇడ్లీ పిండిలో బియ్యం బదులు రాగులు వేయవచ్చు, జొన్నలు వేయవచ్చు, కొర్రలు వేయవచ్చు. మినపప్పు బదులు మరేది వేసినా ఇడ్లీ గుల్లగా రాదు. మినుములో జిగురులాంటి ఒక పిండిపదార్థం, నురగను పట్టి ఉంచే ఒక రకం మాంసకృత్తు కలిసి ఉంటాయి. రుబ్బినప్పుడు చొరబడిన గాలినీ, పులిసేటప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువునూ ఇవి రెండూ కలిసి గోడలా చుట్టి బయటకు పోనివ్వవు. ఆవిరి తగలగానే ఆ గోడలు గట్టిపడి గుల్లదనం అలాగే నిలిచిపోతుంది. మైసూరు సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లోనే ఈ రెండు పదార్థాలనూ విడదీసి, ఏది లేకపోయినా పిండి పొంగు నిలవదని చూపించారు.

పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు బయట నుంచి రానక్కర్లేదు. వాటిలో ముఖ్యమైన ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా మినుములతోనే వస్తుంది. అందుకే పప్పును ఐదారు నీళ్ళు మార్చి అతిగా కడగడం, మరీ వేడెక్కే మిక్సీలో ఆపకుండా రుబ్బడం పిండికి మంచివి కావు. నానబెట్టిన నీటినే రుబ్బడానికి వాడమని చెప్పడంలోనూ అర్థం ఉంది. చలిదేశాల్లో ఉన్నవారికి పిండి పులియకపోతే పప్పును తప్పుపట్టనక్కర్లేదు. ఈ బాక్టీరియాకు ముప్పై డిగ్రీల చుట్టుపక్కల వెచ్చదనం కావాలి. దీపం వేసిన ఓవెన్‌లో గిన్నె పెడితే సరిపోతుంది.

గారెలకు పులియడం అసలు అక్కర్లేదు. అక్కడ పనంతా గాలిది. నీళ్ళు చాలా తక్కువ పోసి, రోట్లో పొత్రం తిరిగినకొద్దీ పిండి తెల్లబడి తేలికవుతుంది. చిన్న ఉండ తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకా రుబ్బాలి, లేదా నీళ్ళు ఎక్కువయ్యాయి. తెలంగాణలో బొబ్బర్లతో చేసే గారెలు, రాయలసీమ అలసంద వడలు మరో తరహావి: వాటికి ఈ గుల్లదనం కంటే కరకర ముఖ్యం, పిండి బరకగా ఉండాలి. పెసరట్టు ఇంకో దారి. పొట్టుతో ఉన్న పెసలను నానబెట్టి రుబ్బి వెంటనే పెనం మీద వేస్తాం. పులిసే అవసరం లేదు, పొట్టు వల్లే ఆ ఆకుపచ్చ రంగూ ఆ వాసనా.

తిన్న తర్వాత

పప్పులు వాయువు చేస్తాయన్నది వట్టి నమ్మకం కాదు. రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలు వీటిలో ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. అవి పెద్దపేగు దాకా చేరి, అక్కడి బాక్టీరియాకు ఆహారమై వాయువు పుట్టిస్తాయి. ఆ చక్కెరలు నీటిలో కరుగుతాయి కనుక నానబెట్టిన నీళ్ళు పారబోస్తే కొంత పోతాయి, మొలకెత్తిస్తే గింజే వాటిని ఖర్చు చేసుకుంటుంది. వాయువు ఎక్కువయ్యేది శనగలు, రాజ్మా, బొబ్బర్లు వంటి నిండు గింజలతో; ఆ నీళ్ళు పారబోయాలి. ఇడ్లీ పిండి నీళ్ళకు ఈ నియమం వర్తించదు, అక్కడ పులియడమే ఆ పని చేసిపెడుతుంది.

మాంసకృత్తుల లెక్క కాస్త నిదానంగా చూడాలి. ఎండు కందిపప్పులో నూటికి 22 పాళ్ళు ఉన్నమాట నిజమే. కానీ మనం తినేది ఎండు పప్పు కాదు. ఒక మనిషి వంతుకు వండేటప్పుడు పడేది పాతిక, ముప్పై గ్రాముల పప్పు. అంటే ఆరు గ్రాముల మాంసకృత్తులు. నీళ్ళగా కాచిన పప్పుచారులో అది రెండు మూడుకు దిగిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల ఆహారానికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు ఉండాలని సూచించింది. మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది, రెండూ కలిస్తే పూర్తవుతుందన్న మాట సరైనదే. అయితే మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పప్పు పడినప్పుడే అది నిజమవుతుంది. పులగం, కట్టెపొంగలి ఈ లెక్కకు దగ్గరగా వస్తాయి. పప్పులోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడు కావాలి. పొయ్యి మీద నుంచి దించాక పిండిన నిమ్మరసం ఆ పని చేస్తుంది.

రెండు జాగ్రత్తలు. రాజ్మా పచ్చిగింజలో ఒక విషపదార్థం ఉంటుంది, నాలుగైదు పచ్చిగింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పదినిమిషాలైనా తెర్లేలా మరిగించాలి. కుక్కర్లో వండితే చింత లేదు. మరగని వేడిలో గంటల తరబడి వండే విద్యుత్ పాత్రల్లో నేరుగా వేయడం మాత్రం ప్రమాదకరం, అరకొర వేడికి విషం తగ్గకపోగా పెరుగుతుంది.

రెండోది కేసరి పప్పు. కరవును తట్టుకుని పండే ఈ గింజలో నరాలను దెబ్బతీసే పదార్థం ఉంది. నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్ళు చచ్చుబడతాయి, తిరిగి రావు. మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో కూలీలకు కూలిగా ఈ గింజలే కొలిచి ఇచ్చిన రోజుల్లో ఎన్నో కుటుంబాలు అలా కుంటివయ్యాయి. 1961 నుంచి చాలా రాష్ట్రాల్లో దీని అమ్మకంపై నిషేధం వచ్చింది. కంది, శనగపప్పుల్లో దీన్ని కలిపే మోసం ఉంది కనుక ఆకారం గుర్తుపెట్టుకోవాలి: కందిబద్ద గుండ్రంగా ఉంటుంది, కేసరి బద్ద పలకలుగా, ఒక వైపు వాలుగా నరికినట్టు ఉంటుంది. శనగపిండిలో జరిగే కల్తీ అంత హానికరం కాదు గాని చాలా ఎక్కువ: చవకైన పసుపు బఠాణీ పిండిని కలుపుతారు. ఆ పిండితో బజ్జీ వేగుతుంది, కానీ శనగ కమ్మదనం ఉండదు. శనగపప్పు కొని పిండి ఆడించుకోవడమే దీనికి నమ్మకమైన మందు.

ధర ఎక్కడ తేలుతుంది?

ప్రపంచంలో పప్పుధాన్యాలు అందరికంటే ఎక్కువ పండించేది మనమే, తినేది మనమే, దిగుమతి చేసుకునేదీ మనమే. హరిత విప్లవం నీటి వసతి ఉన్న నేలలను వరికీ గోధుమకూ ఇచ్చేసింది, పప్పులు వాన మీద ఆధారపడిన మెట్ట భూముల్లోకి జరిగాయి. 1951లో మనిషికి రోజుకు అరవై గ్రాముల పప్పు అందుబాటులో ఉండేది. 2010 నాటికి అది నలభై గ్రాముల లోపుకు పడిపోయింది.

ఇడ్లీలో పడే మినుముకు మయన్మార్‌తో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. అక్కడి రైతులు మినుములను పండించేది ప్రధానంగా మనకు అమ్మడానికే, వారి వంటల్లో దాని వాడకం తక్కువ. యాంగోన్‌లో ధర పెరిగితే విజయవాడ హోటల్లో ఇడ్లీ పల్చబడుతుంది. కందులు మయన్మార్‌తో పాటు మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి వస్తాయి. మొజాంబిక్‌తో 2016లో ప్రభుత్వాల మధ్య ఒప్పందమే కుదిరింది. మసూర్ కెనడా, ఆస్ట్రేలియాల నుంచి, పసుపు బఠాణీ కెనడా, రష్యాల నుంచి వస్తాయి. 2023 డిసెంబరులో కేంద్రం పసుపు బఠాణీపై దిగుమతి సుంకం ఎత్తేసింది. ఆ చవక బఠాణీ వెల్లువ మన శనగ రైతు ధరను కిందికి లాగింది. కొనేవారికి కలిగిన లాభం రైతు జేబులోంచి వచ్చిందేనని గుర్తించాలి.

2015 అక్టోబరులో కిలో కందిపప్పు రెండు వందల రూపాయలు పలికింది. ఆ ధర చూసి మరుసటి ఏడాది రైతులు విరివిగా కంది వేశారు, వానలూ కలిసొచ్చాయి. దేశంలో కంది దిగుబడి సుమారు పాతిక లక్షల టన్నుల నుంచి నలభై ఎనిమిది లక్షల టన్నులకు దూకింది. ఫలితంగా బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించినా, మార్కెట్ యార్డుల్లో అంతకంటే చాలా తక్కువకే అమ్ముకోవలసి వచ్చింది. కంది చేలో ఆరు నెలలు ఉండే పంట. ధర పెరిగిందని తెలిసి విత్తనం వేస్తే, పంట చేతికొచ్చేసరికి ఆ ధర ఉండదు. సమయానికి కొనే ప్రభుత్వ యంత్రాంగం లేకపోతే ఈ ఎగుడుదిగుళ్ళు ఆగవు. రైతును పప్పులు పండించమని ఉపన్యాసాలు ఇచ్చేవారు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో మినుముకు ఒక అందమైన పద్ధతి ఉండేది, ఇప్పటికీ కొంత మిగిలి ఉంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. దుక్కి లేదు, ఎరువు లేదు, మళ్ళీ నీరు పెట్టేది లేదు. మాగాణిలో మిగిలిన తేమ మీద, మంచు మీద పంట వస్తుంది. వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. తెల్లదోమ వ్యాపింపజేసే పల్లాకు తెగులు ఈ పంటను ఏళ్ళ తరబడి పీడించింది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం తెగులును తట్టుకునే ఎల్.బి.జి. 787 వంటి రకాలు ఇచ్చింది గాని, ఈలోపే చాలామంది మొక్కజొన్నకు మారిపోయారు. దీనికి ఎదురుగా మంచి కథ కర్నూలు, ప్రకాశం జిల్లాల శనగది. వంద రోజుల లోపే చేతికొచ్చి, వేడిని తట్టుకునే జె.జి. 11 రకం 1999లో విడుదలయ్యాక అక్కడి నల్లరేగడి భూముల రూపే మారింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన రకం అది. చల్లటి ఉత్తరాది పంటగా పేరుపడ్డ శనగ మన దగ్గర హెక్టారు దిగుబడిలో ఉత్తరాదిని మించింది. వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పక్కనే కర్ణాటకలోని కలబురగి కందికి 2019లోనే వచ్చింది.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

కొత్త కందులు సంక్రాంతి నుంచి మార్చి దాకా మార్కెట్‌కు వస్తాయి, డెల్టా మినుములు మార్చి, ఏప్రిల్‌లో, శనగలు ఫిబ్రవరి, మార్చిలో. ఏడాదికి సరిపడా పప్పు వేసవి మొదట్లో కొని దాచుకునే అలవాటుకు కారణం ఇదే. పొట్లం మీద ప్యాకింగ్ తేదీ ఉంటుంది గాని పంట ఏడాది ఉండదు. నిన్న ప్యాక్ చేసిన పప్పు రెండేళ్ళ నాటి గింజది కావచ్చు. విడిగా అమ్మే కొట్టులో అడిగి కొనడం మేలు. గుప్పెడు పప్పు తీసుకుని చూస్తే కొత్తది లేత పసుపులో, పాతది కాస్త ముదురుగా, మందకొడి రంగులో కనిపిస్తుంది.

నిండు గింజలకు పురుగు భయం ఎక్కువ. పప్పు పురుగు గింజ పైపొర మీద గుడ్డు అతికిస్తుంది, పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోయి బద్దను తిని, గుండ్రని కన్నం చేసుకుని బయటపడుతుంది. చాలాసార్లు గుడ్డు చేలోనే, కాయ మీదే పడి ఉంటుంది, ఇంటికొచ్చాక పిల్లలు బయటికొస్తాయి. పొట్టు తీసి పగలగొట్టిన పప్పుకు ఈ బెడద తక్కువ. కందిపప్పుకు ఆముదం పట్టించి దాచడం పాత పద్ధతి: కిలోకు ఒక చెంచా చాలు, పలచని నూనె పొర మీద గుడ్డు నిలవదు. వండే ముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగితే ఆముదం పోతుంది. పెసలు, శనగలు, బొబ్బర్లు కొద్దిగా కొంటే ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచి తీసి డబ్బాలో పోయండి, లోపలున్న గుడ్లు, పిల్లపురుగులు చచ్చిపోతాయి. మొలకలకు వాడే గింజలైతే ముందు బాగా ఎండినవై ఉండాలి, తేమ ఉన్న గింజను గడ్డకట్టిస్తే మొలకే చచ్చిపోతుంది. మినపప్పును మాత్రం ఏడాది పాటు దాచకండి. పాతబడినకొద్దీ నురగ పట్టే గుణం తగ్గుతుంది; ఆరు నెలలకు మించని సరుకు ఉంచుకుంటే ఇడ్లీ పిండికి మెంతులు కలపవలసిన అవసరం కూడా అంతగా రాదు.